ఉత్త పెట్రోలు

పెంగ్విన్, టాస్మేనియా
11 మార్చి 1979

నోలా అక్కకు,

నువ్వూ ఆర్చీ బావా కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ నేనూ నా చెవుడూ బాగానే ఉన్నాం. టెలిఫోనులో అరిచి గొంతు పోగొట్టుకునేకన్నా ఉత్తరమే నయమని నువ్వే అన్నావు కదా. పేపరు మిల్లు నుంచి రిటైరైన మనిషికి మిగిలిన తీరికంతా ఇక నీ మీదే. ఈ ఏడు బంగాళాదుంపలు బాగా దిగాయి. పక్కింటి వాళ్ళ మేక కంచె దాటి వచ్చి నా క్యాబేజీలన్నీ తినేసింది. నేను అరిచానట, ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు గాని వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి.

అసలు సంగతికి రావడానికి ఈ మేక కథంతా. నన్ను తిట్టకుండా చివరిదాకా చదువు.

ఆరేళ్ళ క్రితం మీరు ఇక్కడి ఇల్లు అమ్మేసి మిల్డురా వెళ్ళేటప్పుడు మీ అబ్బాయి నీల్ మోటారుసైకిలుని నాకు అప్పగించావు. "ఆ దరిద్రాన్ని చెత్తకుప్పలో పడేసి రా. మళ్ళీ దాని ఊసు నా దగ్గర ఎత్తకు" అన్నావు. పడేశానని నీకు రాశాను. పడేయలేదక్కా. కుప్ప గేటు దాకా తీసుకెళ్ళాను. అక్కడి మనిషి "దించండి" అన్నాడు. దించలేకపోయాను. ఇంటికి తెచ్చి షెడ్డు వెనక టార్పాలిన్ కప్పి పెట్టాను. తపాలా శాఖ పాత బండ్ల వేలంలో వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి కొన్నది నేను. వెనక సందులో సీటు పట్టుకుని పరిగెత్తి నేర్పించింది నేను. దాన్ని ఆ గుంటలోకి ఎలా తోసెయ్యను?

పోయిన నెల బయటికి తీశాను. బాగు చేస్తున్నాను. ముందు చక్రం వంకర పోయింది, ట్యాంకుకి సొట్ట, ఇంజిను పట్టేసి కదలడం లేదు. సిలిండర్లో డీజిలు పోసి నానబెట్టాను. ఎవరి కోసం బాగు చేస్తున్నావు అని అడగకు. పొద్దున్నే లేవడానికి ఒక కారణం అయింది, అంతే.

బావకి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

తిట్లకు సిద్ధంగా ఉన్న నీ తమ్ముడు,
క్లారీ


మిల్డురా
22 మార్చి 1979

క్లారీ,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఉత్త క్లారీ.

నీ ఉత్తరం చదివి వంటింట్లో అలాగే కూర్చుండిపోయాను. స్టవ్ మీద నారింజ జామ్ మాడిపోయింది. ఆర్చీ వచ్చి "ఏంటిది, ఇల్లు తగలబెడుతున్నావా?" అన్నాడు. నీ సంగతి చెప్పలేదు. ఇప్పటికీ నీల్ పేరు ఎత్తితే లేచి బయటికి వెళ్ళి, తను నడిపే ఆ స్కూలు బస్సు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసుకుంటాడు. ఇక బండి మాట కూడానా.

నీకది ఇనుము. నాకది ఆ పొద్దుటి పూట. నీల్ ఆ రోజు బర్నీలో ఫైర్ బ్రిగేడు పరీక్షకి వెళ్ళాలి. వాళ్ళ నాన్న మంటలార్పిన దళంలోనే తనూ చేరాలని చిన్నప్పటి నుంచి వాడి పట్టు. చొక్కా ఇస్త్రీ నచ్చక మళ్ళీ మళ్ళీ చేసుకుంటున్నాడు. ఆలస్యమవుతోందని "నువ్వు కూర్చుని నాలుగు ముద్దలు తిను, బండి సంగతి నేను చూస్తా" అన్నాను. షెడ్డులో గడ్డి కోసే మిషను పక్కన ఉండే డబ్బా ఎత్తి వాడి ట్యాంకు నేనే నింపాను. వాడూ ఎప్పుడూ అందులోంచే పోసుకునేవాడు. నేను అంత తొందరపెట్టకపోతే ఆ దిగుడు రోడ్డులో వాడు అంత వేగంగా పోయి పడేవాడా?

వేగంగా పోలేదనే అన్నాడు వాడు. పోలీసతను రోడ్డు మీద టైరు గీత చూపించి "వేగమే" అన్నాక ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి ఆర్చీ అన్న మాట నువ్వూ విన్నావు. "ఆ రెండో కాలు కూడా పోవాల్సింది, అప్పుడుగానీ బుద్ధి రాదు" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో రోజూ అదే పాట. వాడు దేశం ఆ చివర పోర్ట్ హెడ్లాండ్‌కి పోయి ఇనుప ఖనిజం రైళ్ళకి రేడియోలో సూచనలిచ్చే పనిలో కూర్చున్నాడు. మోకాలు వంగనివాడికి అదే ఉద్యోగం. క్రిస్మస్‌కి ఒక కార్డు వస్తుంది. దానిమీద నా పేరొక్కటే ఉంటుంది.

దాన్ని ఇప్పుడైనా పడేసి రా. ఒట్టు పెట్టి చెబుతున్నాను.

నోలా


పెంగ్విన్
23 మార్చి 1979

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. బావ ఇంట్లో ఉంటే పిలిచి కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించు.

ఇవాళ ఇంజిను విడిపోయింది. కర్ర దిమ్మ పెట్టి సుత్తితో నెమ్మదిగా కొడుతూ పోతే పిస్టన్ బయటికి వచ్చింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసి స్టూలు మీద కూర్చున్నాను. చుట్టూతా గీతలు. పిస్టన్ లోహం కరిగి సిలిండర్ గోడకి పూసినట్టు అంటుకుంది. లోపలి బేరింగు వేడికి నీలం రంగు తిరిగింది. ఎక్కడా నూనె జిడ్డు లేదు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. ఇది టూ స్ట్రోక్ బండి. కార్లకున్నట్టు దీనికి ఆయిలు విడిగా ఉండదు. పెట్రోల్లోనే కలిపి పోయాలి, ఆ కాస్తే దానికి ప్రాణం. కలిపిన పెట్రోలు ఏళ్ళ తరబడి ఉండిపోతే ట్యాంకు అడుగున జిగురులాంటి గోధుమరంగు పొర మిగులుతుంది. ట్యాంకు కోసి చూశాను. తుప్పు ఉంది, పొర లేదు. వాడి ట్యాంకులో ఆ రోజు ఉన్నది ఉత్త పెట్రోలు. ఊరు దాటేదాకా పాత జిడ్డుతో నడిచింది. దిగుడులో ఇంజిను పట్టేసింది, వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. పోలీసు చూపించిన గీత అదే. పిచ్చి వేగంతో పోయి బ్రేకు తొక్కిన గీత కాదు.

నీల్ నిజం చెప్పాడక్కా. ఆరేళ్ళ నుంచీ వాడిది నిజమే.

ఏ బంకులో ఏ తింగరి వెధవ పోశాడో గాని, వాడు నా చేతికి దొరికితే ఈ పిస్టన్ మెడకి కట్టి ఊరేగిస్తాను. బావతో చెప్పు. నీల్‌కి ఇవాళే టెలిగ్రామ్ ఇవ్వమను.

ఆనందం పట్టలేని,
క్లారీ


పెంగ్విన్
27 మార్చి 1979

నోలా అక్కకు,

నీ ఉత్తరం నిన్న అందింది. తిట్లన్నీ నాకు రావలసినవే.

మొన్న తొందరపడి ఏదేదో రాసేశాను. ఇక్కడ తెలిసినతనికి ఆ ముక్కలు చూపించాను. బేరింగు పాతబడి దానంతట అదే విరిగిందన్నాడు. పెట్రోలుకీ దానికీ సంబంధం లేదట. కాబట్టి ఆ ఉత్తరం పొయ్యిలో వెయ్యి. బావకి చూపించొద్దు. నువ్వూ దాని గురించి ఆలోచించకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి.

క్లారీ


మిల్డురా
5 ఏప్రిల్ 1979

తమ్ముడూ,

నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడటం రాదు. నీ ఉత్తరాల్లో బంగాళాదుంపలూ మేకలూ లేకుండా అంత పొట్టిది ఇదే మొదటిది.

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివాను. చదివి వినిపించమన్నావు కదా అని, కళ్ళజోడు సర్దుకుని, "ఆర్చీ, ఒకసారి ఇలా రా!" అని పిలిచాను. నా గొంతులో అంత సంతోషం విని అతనికి అనుమానం కూడా వచ్చి ఉంటుంది. బూట్లు తుడుచుకుంటున్నాడు. వచ్చేలోగా రెండోది విప్పాను. నీ దగ్గర్నుంచి రెండు ఉత్తరాలు ఎందుకొచ్చాయా అని. అది చదివేసరికి అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పిలిచావేం?"

"టీ తాగుతావా అని."

"టీ కోసం అంత కేక వేస్తారా?" అని నవ్వాడు.

టీ పెడుతూ నేను నీకు రాసిన ఉత్తరం గుర్తు చేసుకున్నాను. ఆ డబ్బా గుర్తుకొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు అడిగాను, మన పాత ఇంట్లో గడ్డి మిషనుకి ఏం పోసేవాళ్ళం అని.

"పాతదానికి కలిపిన పెట్రోలు. ఆ వేసవిలో కొత్తది కొన్నానుగా, దానికి ఉత్తదే. డబ్బా అదే. ఏం, ఇన్నాళ్ళకి గడ్డి మీద ప్రేమ పుట్టిందా?"

లేదన్నాను. బంగాళాదుంప ఇంకోటి వేశాను అతని కంచంలో.

ఆ తింగరి వెధవని నేనే క్లారీ. నీ చేతికి దొరికాను.

నీల్ మోకాలు విరగ్గొట్టింది నేను. వాడి ఉద్యోగం పోగొట్టింది నేను. ఆ పైన వాడి మంచం పక్కన కూర్చుని, "ఒప్పేసుకో నాన్నా, వేగంగానే పోయానని ఒప్పేసుకుంటే మీ నాన్న కోపం తగ్గుతుంది" అని బతిమాలింది కూడా నేనే. అది నీకు తెలియదు. నువ్వు వెళ్ళాక జరిగింది.

నోలా


పెంగ్విన్
14 ఏప్రిల్ 1979

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

డబ్బాలో ఏం ఉందో నీకెలా తెలుస్తుంది? ఏళ్ళ తరబడి కలిపిన పెట్రోలే ఉన్న డబ్బా అది. బిడ్డ తిని వెళ్ళాలని నువ్వు ఒక పని చేశావు. తల్లులు రోజూ చేసే పనే. నేరం ఎవరిదైనా ఉంటే నాది. నువ్వు పడేయమన్నప్పుడు పడేసి ఉంటే నీకు ఈ గతి పట్టేది కాదు. పోనీ, కనిపెట్టినవాణ్ణి నోరు మూసుకుని ఉండొచ్చు కదా! ఏదో ఘనకార్యం చేసినట్టు గంతులేస్తూ రాశాను. ఆ 'తింగరి వెధవ' అన్న మాట రాసిన చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

షెడ్డుకి తాళం వేశాను. పోస్టు మనిషి "ఏంటి క్లారీ, బండి చప్పుడు ఎప్పుడు వినిపిస్తావు?" అని అడిగితే వినిపించనట్టు నటించాను. చెవుడు అప్పుడప్పుడు పనికొస్తుంది.

నా మాట విను. ఎవరికీ చెప్పకు. నీల్ అక్కడ ఎలాగో బతుకుతున్నాడు. బావకి చెబితే ఈ వయసులో మీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఎలా ఉంటారు? చెప్పి ఎవరికి మేలు?

క్లారీ


మిల్డురా
15 జులై 1979

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. నీ మీద కోపంతో కొన్నాళ్ళు రాయలేదు. నీ తప్పేం లేదని తెలిశాక సిగ్గుతో కొన్నాళ్ళు రాయలేదు.

నీ మాట వినలేదు. నీల్‌కి అంతా రాశాను. జవాబు చాలా రోజులకు వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అమ్మా, నాకు తెలుసు. ఊతకర్రలతో ఇంటికొచ్చిన వారంలోనే షెడ్డులోకి వెళ్ళాను. కొత్త మిషను వచ్చాక నేను నా పెట్రోలు వేరే డబ్బాలో కలిపి పెట్టుకునేవాణ్ణి. అది నిండుగా ఉంది. గడ్డి మిషను డబ్బా ఖాళీ. మూత తీసి చూశాను, ఆయిలు వాసన లేదు. నువ్వు వంటింట్లో నా కోసం సూప్ కాస్తూ ఏడుస్తున్నావు. నీ దగ్గరికొచ్చి ఏమని చెప్పను? నాన్న తిట్లు తినగలను అనుకున్నాను. చాలా రోజులు తిన్నాను కూడా. తర్వాత చేతకాక వెళ్ళిపోయాను. ఇప్పుడు నాన్నకి చెప్పకు. నువ్వు పడలేవు."

క్లారీ, వాడికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. నేను "ఒప్పేసుకో" అని బతిమాలిన తర్వాత వాడు ఒకరోజు నిజంగానే ఆర్చీ ముందు తలవంచి "అవును, వేగంగానే పోయాను" అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది.

నా బదులు వాడు పడ్డది చాలు. మూడు వారాల క్రితం ఒక ఆదివారం పొద్దున ఆర్చీకి అంతా చెప్పాను. నీ బండి సంగతి, పిస్టన్ సంగతి, డబ్బా సంగతి. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. లేచి వెళ్ళి బస్సు కడిగాడు. బక్కెట్టు మీద బక్కెట్టు, మధ్యాహ్నం దాకా అదే బస్సు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. గొట్టం కట్టేసి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"డబ్బాలో ఉన్నది మార్చింది నేను" అన్నాడు. "కొత్త మిషను కొన్నానని వీధంతా పిలిచి చూపించాను. ఇంట్లో నీకు ఆ ఒక్క ముక్క చెప్పలేదు."

"పోసింది నేను" అన్నాను.

"పోశావు. నేను మార్చాను. తిట్లు మాత్రం వాడు తిన్నాడు." తడిసిన బూట్లు విప్పుతూ అన్నాడు. "నువ్వేం చేశావో దాని మీద నాకు కోపం రావడం లేదు నోలా. తెచ్చుకుందామని చూశాను, రావడం లేదు. ఆ రెండో కాలు మాట... అది మాత్రం ఎవరూ నా నోట్లో పెట్టింది కాదు."

స్కూళ్ళ సెలవులకి పోర్ట్ హెడ్లాండ్ వెళ్దామన్నాడు. వస్తున్నామని నీల్‌కి రాశాను. రావద్దని అయితే జవాబు రాలేదు. నాకు భయంగా ఉంది. ఆర్చీకి అంతకన్నా భయంగా ఉంది. చొక్కాలు ఇప్పుడే సర్దుకుంటున్నాడు.

నీ అక్క,
నోలా


పెంగ్విన్
16 ఆగస్టు 1979

నోలా అక్కకు,

నీ ఉత్తరం చదివి తాళం తీశాను. ఇంకేం చేయాలో తోచక పని మొదలుపెట్టాను. సిలిండర్ లోపలి గీతలు పోయేలా బోరు చేయించాను. కొత్త పిస్టన్ మెల్‌బోర్న్ నుంచి తెప్పించాను. చక్రం సరిచేశాను, ట్యాంకు సొట్ట తీసి అతికించాను. ఎర్ర రంగు వేసేటప్పుడు చలికి రెండుసార్లు బుడగలొచ్చాయి, మళ్ళీ గీకి మళ్ళీ వేశాను. మొన్నటికి అంతా బిగించడం అయింది.

కిక్ మీద కాలు పెట్టి తీసేశాను అక్కా. కొట్టలేదు. నాకేం హక్కుంది?

ఇన్ని రోజులూ నీకు ధైర్యం చెబుతున్నట్టు రాశాను గాని ఒకటి మాత్రం మింగుడు పడటం లేదు. మన ఇంట్లో ఇంజిన్ల గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వేగంగా పోలేదని వాడు ఆసుపత్రిలో అంటున్నప్పుడు నేను కిటికీలోంచి కార్లు చూస్తూ నిలబడ్డాను. బావతో పేచీ ఎందుకులే అని. ఆ సాయంత్రమే ఇంజిను విప్పి ఉంటే తెలిసిపోయేది. నువ్వు తెలియక చేశావు. నేను తెలిసినవాణ్ణయి ఊరుకున్నాను.

వాణ్ణి చూసినప్పుడు అడుగు. స్టార్ట్ చెయ్యమంటాడా, చెత్తకుప్పకి తీసుకెళ్ళమంటాడా? ఈసారి పడేయమంటే నిజంగానే పడేస్తాను.

దారిలో నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి. బావని రాత్రిళ్ళు నడపొద్దను, కంగారూలు అడ్డొస్తాయి.

మీకోసం ఎదురుచూసే,
క్లారీ


పోర్ట్ హెడ్లాండ్
3 సెప్టెంబర్ 1979

ప్రియమైన తమ్ముడు క్లారీకి,

చేరాం. ఇక్కడ అంతా ఎర్ర దుమ్మే. పక్కబట్టల్లో, చక్కెర డబ్బాలో, ఆర్చీ చెవుల్లో, ఎక్కడ చూసినా.

దారి పొడుగునా ఆర్చీ మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు. పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా "ఇలా మొదలుపెడితే ఎలా ఉంటుంది?" అని నాకు ఒకటి వినిపించేవాడు. బాగుందంటే, కాదులే అని ఇంకోటి. తీరా నీల్ ఇంటి ముందు దిగేసరికి ఒక్కటీ లేదు. దోమతెర తలుపు తెరుచుకుంది. నీల్ గడ్డం పెంచాడు, ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. ఆర్చీ టోపీ తీసి చేతిలో పట్టుకుని, పరాయివాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాడు. వాడు తలుపు పట్టుకుని చూస్తున్నాడు. 

"లోపలికి రా నాన్నా, ఈగలొస్తున్నాయి" అన్నాడు నీల్ చివరికి.

లోపల టీ పెట్టాడు. ఆర్చీ కప్పు వైపు చూస్తూ, "నేను ఆ రోజు అన్నమాట..." అన్నాడు. 

"గుర్తుంది" అన్నాడు నీల్.

పర్లేదు అనలేదు, మర్చిపోయాను అనలేదు. గుర్తుంది అన్నాడు. ఆ తర్వాత "చక్కెర ఎంత వెయ్యను?" అని అడిగాడు. నాన్న టీలో చక్కెర ఎంత వేసుకుంటాడో కొడుకు మర్చిపోయాడు. అప్పుడేడ్చాడు ఆర్చీ. నీల్ చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కాసేపటికి ఇంకో చెయ్యి తండ్రి భుజం మీద వేశాడు.

నాకు వాడు తిరిగి తిరిగి ఒకటే చెబుతున్నాడు, నీ తప్పు కాదమ్మా అని. తల ఊపుతున్నాను. వాడు కుర్చీలోంచి లేచేటప్పుడు ముందు ఆ కాలు పక్కకి చాపుకుని, బల్ల పట్టుకుని లేస్తాడు. నేను చూడటం వాడు చూశాడు. అప్పటి నుంచి నేను వంటింట్లోకి వెళ్ళాకే లేస్తున్నాడు. నేనూ వాడికి లేవాలని ఉన్నప్పుడల్లా ఏదో పని కల్పించుకుని వంటింట్లోకి పోతున్నాను.

నీ ప్రశ్న అడిగాను. పకపకా నవ్వాడు. "మామయ్య ఇన్నాళ్ళూ కాలు ఎత్తిపట్టుకుని కూర్చున్నాడా? కిక్ కొట్టమను. గోడకి ఆనించడానికా అంత కష్టపడింది? రోడ్డు మీద తిప్పమను" అన్నాడు. నువ్వు కిటికీలోంచి చూస్తూ నిలబడిన సంగతి కూడా చెప్పాను. వాడు కాస్త ఆలోచించి, "అవును, చూశాను. ఆ రోజు మామయ్య ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, తమ్ముడూ. మన మధ్య ఇక దాచడాలు వద్దు. వాడికి నువ్వే రాయి. క్రిస్మస్‌కి టాస్మేనియా వస్తావా అంటే మాట ఇవ్వలేదు. రానని కూడా అనలేదు.

నిన్న సాయంత్రం ఎండ తగ్గాక ముగ్గురం సముద్రం ఒడ్డుకి నడిచాం. ఓడలు చూపిస్తానన్నాడు నీల్. ఆర్చీ నడక నీకు తెలుసు కదా, పెళ్ళయిన నాటి నుంచి నాకంటే పది అడుగులు ముందుంటాడు, వెనక్కి తిరిగి "రా, రా" అంటుంటాడు. నిన్న నేను కావాలనే వెనకపడ్డాను. ముందు వాళ్ళిద్దరూ. ఖనిజం బండ్ల గురించో గేర్ల గురించో ఏదో మాట్లాడుకుంటున్నారు. నీల్ కాలు ఈడుస్తూ నెమ్మదిగా వెళ్తున్నాడు. ఆర్చీ ఒక అడుగు వేసి ఆగుతున్నాడు, మళ్ళీ ఒక అడుగు వేసి ఆగుతున్నాడు. ఆ నడక అతనికి చేతకాదు, తడబడుతున్నాడు. అయినా ఒడ్డు దాకా ఒక్కసారి కూడా ముందుకి పోలేదు.

నీ అక్క,
నోలా